ఎవరూ ఎక్కలేని కొమ్మ

మా లెక్కల అయ్యవారు సామల్పట్టి దగ్గర ఒక పల్లె బడిలో పనిచేస్తూ, నాలుగు రోజుల జ్వరంతో పోయారు. ఆ వార్త నాకు కృష్ణగిరిలో ఒక పోస్టుకార్డు మీద వచ్చింది. కార్డు రాసినవారు కింద ఇంకో మాట చేర్చారు: "హోసూరు బడిలో సంతాప సభ. తమరు తప్పక రావలెను."

వెళ్లాను. ఆయనతో కలిసి ఎనిమిదేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసిన బడి అది. పూలదండ వేసిన ఫోటో ముందు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆయన శాంతమూర్తి అన్నారు, వివాదాలకు దూరంగా ఉండేవారన్నారు. వింటూంటే నాకు ఒళ్లు మండింది. శాంతమూర్తా? వివాదానికి దూరమా? మరి ఆయన్ని హోసూరు నుంచి అంత దూరం ఎందుకు తరిమినట్టు?

ఆయన మత్తిగిరి నుంచి గొడుగు పట్టుకుని నడిచి వచ్చేవారు. నల్లబల్లకు బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి తానే పూసుకునేవారు. కుండలీకరణాలతో నిండిన పెద్ద లెక్క ఏదైనా వస్తే దాన్ని చెట్టులా గీసేవారు. అంకెలు ఆకులు. కూడిక, తీసివేత, గుణకారం కొమ్మలు కలిసే కణుపులు. ఎక్కడైనా ఒక కొమ్మ సున్నాతో గుణకారంలో పడితే, ఇక దాన్ని లెక్కగట్టే పని లేదు కదా, పిల్లలు గబగబా తుడిచేసేవాళ్లు. అప్పుడు గద్దించేవారు.

"తుడపొద్దు! చుక్కల గీతతో గీయి. ఆడికి మనం పోలేము, సరే. ఆడ ఒక లెక్క ఉండిందని చూసేవాడికి తెలియాల."

అచ్చులో ఏ కాగితం దొరికినా, శనక్కాయలు కట్టిన పొట్లమైనా సరే, చదువుతూ 'మరియు', 'లేదా' అన్న మాటల కింద పెన్సిలుతో గీత గీసేవారు. నేను నవ్వితే, "నువ్వు నవ్వుకో పండితా. మనుషుల బతుకులు ఈ రెండు మాటల మీదే ఉండేది" అనేవారు. ఆ మాట నాకు మునెమ్మ విషయంలో గానీ అర్థం కాలేదు.

మునెమ్మ కెలవరపల్లి పిల్ల. తల్లి గొర్రెలు మేపుకునే మనిషి. వానకాలంలో ఏరు నిండితే పిల్ల బడికి రాలేదు. హోసూరులో ఆడపిల్లల హాస్టలు ఉంది, సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయ్యవారు దరఖాస్తు పెట్టించారు. తిరిగి వచ్చింది. పట్టణంలో నివాసం ఉన్నట్టు రుజువు కావాలట. తల్లి పట్టణ పంచాయతీకి పోతే అక్కడి గుమాస్తా, "నీది కెలవరపల్లి కదమ్మా, నేనెట్లిస్తాను?" అన్నాడు.

అయ్యవారు నిబంధనల కాగితం తెప్పించుకుని స్టాఫు గదిలో బల్లమీద చెట్టు గీశారు. నేను పక్కనే ఉన్నాను. సీటు దొరకాలంటే ఇల్లు పట్టణానికి బయట ఉండాలి; మరియు, పట్టణంలో నివాసం ఉన్నట్టు రుజువు చూపాలి. లేదా, అధికారి ప్రత్యేక అనుమతి ఉండాలి. మొదటి కొమ్మ మొత్తానికి ఆయన చుక్కలు పెట్టారు. ఆ కొమ్మ మీద అడుగుపెట్టగల ఆడపిల్ల ఎక్కడా పుట్టదు. రెండో కొమ్మ మీద, సిఫారసు ఉన్నవాళ్ల పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు.

ఆ బొమ్మకు తోడు అర్జీ రాయమని నన్ను అడిగారు. రాశాను. సాక్షిగా సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. ఎనిమిదేళ్లు కావస్తున్నా నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ఆయన కాగితం మడుస్తూ, "అక్షరాలు బాగుండాయప్పా. కడాన నాలుగక్షరాలు కొదవ, అంతే" అన్నారు. ఇవాళ ఆ సభలో ఎవరి మీద ఎంత కోపం వచ్చినా, అందులో సగం నా మీదే.

బస్సెక్కి కృష్ణగిరిలో హాస్టళ్ల ఆఫీసుకు ఆయనతో వెళ్లాను గానీ, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అధికారి బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఏమండీ ఇది, మామిడి చెట్టా? పేదపిల్లలకు నిబంధనల్లో దారి పెట్టే ఉన్నాము కదా!"

"దారి పెట్టినారు సార్. ఆ దారిలో నడిచే మనిషిని కూడా మీరే పుట్టించాల" అన్నారు అయ్యవారు. గొంతు తగ్గించలేదు. గుమాస్తాలు తలలెత్తి చూశారు. "ఇది తెలిసి రాసింటే పాపం. తెలియకుండా రాసింటే మీరా కుర్చీకి తగరు."

నెల తిరగకుండా బదిలీ వచ్చింది. మునెమ్మ బడి మానేసింది.

రెండేళ్లకు నిబంధనలు మళ్లీ అచ్చయ్యాయి. నివాస రుజువు మాట అందులో లేదు. నేను సంబరపడి ఆ కాగితం తీసుకుని సామల్పట్టికి రైలెక్కాను. ఆయన చదివి పక్కన పెట్టారు. మొహం ఎర్రబడింది.

"తుడిపేసినారు చూడు. ఇంక ఎవురడిగినా, అట్లాంటి షరతే లేదంటారు. ఆ పిల్లలే చదువుకోను రాలేదంటారు."

ఆ పూట పాత నిబంధనను మళ్లీ చెట్టుగా గీసి, చుక్కల కొమ్మ చివర తనకు తెలిసిన తొమ్మిదిమంది ఆడపిల్లల పేర్లు సిరాతో రాశారు. ఈసారి అడగకుండానే కింద సంతకం పెట్టాను. ఆయన లేచి మజ్జిగ తెచ్చిచ్చారు.

సంతాప సభలో ఇవేవీ ఎవరూ చెప్పలేదు. నేను లేచి చెప్పబోతే, "సందర్భం కాదు పండితులవారూ" అని చేయి పట్టి కూర్చోబెట్టారు. ఆయన్నీ చుక్కలు కూడా మిగల్చకుండా తుడిచేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో రోడ్డు పని జరిగేచోట బస్సు ఆగింది. దిగి నిలబడితే, కంకర కొడుతున్న ఆడవాళ్లలో ఒకామె నన్ను పోల్చుకుంది. మునెమ్మ. అయ్యవారు పోయారని చెప్పాను. సుత్తి ఒళ్లో పెట్టుకుంది.

"నా చెల్లెలు ఇప్పుడు ఆ హాస్టల్లోనే ఉండాది సార్. మంచిదే. అయితే నన్నెందుకు వద్దన్నారో ఆ ఆఫీసోళ్లు ఒక్కరన్నా వచ్చి చెప్పినారా?"

మునెమ్మ సుత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఆ అయ్యోరొక్కరే వచ్చినారు. బదిలీ అయి పోయే ముందర, ఏరు దాటి నడిచొచ్చి, మా యమ్మ ముందర నిలబడి, 'తప్పు పిల్లది కాదమ్మా, కాగితానిది' అని చెప్పి పోయినారు."

డ్రైవరు హారను కొట్టాడు. మునెమ్మ ఇంకో రాయి ముందుకు లాక్కుని, ఎడమచేత్తో అదిమిపట్టి, సుత్తి తల పైదాకా ఎత్తి కొట్టింది. రాయి పగిలి, ఒక పెచ్చు ఎగిరొచ్చి నా కాలికి తగిలింది. ఆమె తలెత్తలేదు. మళ్లీ కొట్టింది.