యాకూబు తెచ్చిన సొట్ట

గంగామణి పుట్టిల్లు రాజంపేట. పన్నెండేళ్లకు ఎల్లారెడ్డి ఊళ్లోని కంచరి బాలనర్సయ్యకు పెండ్లామై వచ్చింది. అత్త ఆమెకు వంట కంటే ముందు కొలిమి పని నేర్పింది. గంగామణి గొట్టం నోట పెట్టి ఊదిందంటే నిప్పు ఇటూ అటూ పోదు, అణా బిళ్లంత మేర మాత్రమే ఎర్రబడుతుంది. "చెయ్యి నాది, ఊపిరి దానిది" అని బాలనర్సయ్య నలుగురిలో చెప్పుకునేవాడు.

అదంతా కూతురు రాజవ్వ బతికున్నప్పటి మాట.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే ముందటి ఏడు వానాకాలంలో, నాలుగేళ్ల రాజవ్వకు గొంతు వాచి ఊపిరాడలేదు. ఆ రోజు బాలనర్సయ్య ఇత్తడి రేకుల కోసం కామారెడ్డి పోయి ఉన్నాడు. తెల్లారి వచ్చేసరికి పిల్ల లేదు. పూడ్చి వచ్చాక పెండ్లాన్ని ఒక్కటే అడిగాడు.

"గా సడక్ మీద మోటార్లు పోతయి గదనే. ఒక్కటన్న ఆపకపోతివా?"

గంగామణి పిల్ల బొంత మడిచి పక్కన పెట్టింది. ఆపబోయానంటే, మరి ఎందుకు ఆగలేదంటాడు. అది ఆమెకే తెలియదు. పలకకపోయేసరికి, ఇల్లు కదల్లేదనే అతడు అనుకున్నాడు. అప్పటి నుంచి ఆమె వడ్డిస్తే తింటాడు గానీ మొహం చూడడు.

ఏడాది తిరిగింది. ఒక పొద్దున ఊరి దొర డ్రైవరు యాకూబు మోటారు తోలుకొచ్చి కొట్టం ముందు ఆపాడు. బానెట్టు మీద అరచెయ్యంత సొట్ట. దాని నడుమ నెలవంకలా ఒక గీత.

వాకిలి ఊడుస్తున్న గంగామణి చేతిలోంచి చీపురు జారింది.

"పెండ్లికి పోవాలె నర్సన్నా. గీ సొట్టతోని పోతే నామోషంటున్నడు దొర," అన్నాడు యాకూబు.

"ఏడాది సంది గీ సొట్టతోనే తిరుగుతుంటే సూస్తున్న. గప్పుడు నామోషీని ఏడ దాచిండ్రో! ఏం తాకింది?" అన్నాడు బాలనర్సయ్య.

"చెట్టు కొమ్మ పడ్డది."

బాలనర్సయ్య బానెట్టు విప్పి బోర్లేసి, బిందె కడుపులో సొట్ట తీసినట్టే లోపలి నుంచి సుత్తితో కొట్టాడు. బిందెలకు అలవాటుపడిన చెయ్యి, ఆగలేదు. కొట్టిన కొద్దీ రేకు సాగింది. సొట్ట లేచింది గానీ అక్కడ రేకు ఎక్కువై ఉబ్బింది. వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే టక్కుమని పైకి వస్తుంది.

టక్కు. టక్కు.

గంగామణి చెవులు మూసుకుంది. ఏడాదిగా నీళ్లు తోడుతున్నా, పిండి విసురుతున్నా ఆ చప్పుడే ఆమె వెంట తిరుగుతోంది.

"ఇనుప రేకని మరిసి ఎక్కువ కొట్టిన. సాగింది," అన్నాడు బాలనర్సయ్య. "ఎర్రగ కాల్చి తడిబట్ట ఒత్తితే ముడుసుకుంటది. ఏమే, గొట్టం తే."

"గా గీత గూడ పోతదా?" అడిగాడు యాకూబు.

"ఆనవాలు గూడ ఉండది."

గంగామణి లోపలికి పోయింది. వచ్చినప్పుడు ఆమె చేతిలో గొట్టం లేదు, చెంబు ఉంది. దాన్ని తెచ్చి బానెట్టు మీద పెట్టింది. అడుగు అంచు ఆ నెలవంకలో సరిగ్గా కూర్చుంది.

"కొమ్మ కాదు. నా చెంబు. ఆపుండ్రని కొట్టిన, టక్కుమన్నది," అంది.

చెంబు బాలనర్సయ్య చేసిందే. దాని అంచు వంగి ఉండటం ఎన్నడో చూశాడు. ఎక్కడో జారవిడిచిందనుకున్నాడు. యాకూబు వైపు తిరిగాడు.

యాకూబు తల దించుకున్నాడు. "రోగం పిల్లను మోటార్ల ఎక్కిచ్చుకుంటమారా, పోనీ అన్నడు దొర. నౌకరోన్ని అన్నా. నేనేం జేద్దు?"

బాలనర్సయ్య చెంబు వంగిన అంచును బొటనవేలితో తడిమాడు.

"ఎన్నిసార్లు కొట్టినవే?" అని అడిగాడు.

"మూడు. రెండు తగలలే. చంకల పిల్ల ఉండె."

అతడు ఆమె మొహం చూశాడు. ఏడాది తర్వాత చూశాడు.

"నువ్వు ఊదుతెనే గిది తీస్త," అన్నాడు. "లేకుంటే గిట్లనే తోలుకపోనీ."

గంగామణి బానెట్టు మీది గీతను చూసింది. ఇన్నాళ్లూ తన తరఫున మాట్లాడగలిగింది అదొక్కటే. ఇప్పుడు తానే చెప్పింది, అతడు విన్నాడు. లోపలికి పోయి గొట్టం తెచ్చింది. గీత మీద నిప్పులు పేర్చి ఊదింది. పిల్ల చివరి ఊపిరులు గుర్తొచ్చి మధ్యలో రెండుసార్లు ఆగింది. రేకు ఎర్రబడింది. బాలనర్సయ్య నిప్పులు తోసి చుట్టూ మెల్లగా తట్టాడు. ఆమె తడిబట్ట ఒత్తింది. చుయ్యిమంటూ పొగ లేచింది. అట్లా నాలుగుచోట్ల చేశారు. తర్వాత వేలితో నొక్కి చూస్తే రేకు పలకలేదు.

పూసిన రంగు ఆరాక మోటారు మచ్చలేకుండా కామారెడ్డి సడక్ పట్టింది. దుమ్ము అణిగింది.

బాలనర్సయ్య ఆ చెంబును సుత్తి దగ్గరికి తీసుకుపోలేదు. నీళ్లు ముంచి తానే ఆమెకు ఇచ్చాడు. గంగామణి నోటి దగ్గరికి తీసుకుని ఆగిపోయింది.

టక్కు.

తలెత్తి చూస్తే సడక్ ఖాళీగా ఉంది. ఏడాదిగా తనొక్కతే విన్న ఆ చప్పుడుకు ఇప్పుడు అతడు కూడా అటే చూస్తున్నాడు.

"ఇన్నవా?" అంది.

"ఆఁ," అన్నాడు బాలనర్సయ్య.