హిమాయత్ మండలు, వియ్యంకుడి చిందులు

మా చెల్లె సరిత పెళ్లి చెడగొట్టడానికి శత్రువులెవరూ పూనుకోలేదు. సొంత అన్నను, నేనే ఆ పని దాదాపు పూర్తి చేశాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, మొహమాటం వద్దు.

మంచిర్యాల దగ్గర మా ఊళ్లో పెళ్లి పందిరికి మామిడి మండలు తేవడం పెళ్లికూతురు అన్నదమ్ముల పని. మా చేనులో పక్కపక్కనే రెండు చెట్లు: ఒకటి నాటు మామిడి, ఇంకోటి హిమాయత్. నాటు చెట్టు ఆకులో ఏ కళా ఉండదు. హిమాయత్ ఆకు తళతళలాడుతుంది.

"బిడ్డా, నాటు చెట్టు మండలే కొట్టుకరా," అన్నాడు బాపు.

"గా ఆకులెవరు సూస్తరే బాపు? హిమాయత్ సూడు, నూనె రాసినట్టు మెరుస్తున్నది!"

"గది జిగురురా. చేతికి అంటుతలేదా?"

"మంచి జాతి ఆకు గట్లనే ఉంటది. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ వయసులో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. ఆకుల వెనక గోధుమరంగు చుక్కలు కనిపించాయి, పుట్టుమచ్చలనుకున్నాను. చీమలూ కనిపించాయి. తీపి పండ్ల చెట్టు కదా, వస్తాయిలే అని సర్దిచెప్పుకున్నాను. గౌరవం కొద్దీ ఆ మండలన్నీ తెచ్చి, పందిట్లో మగపెళ్లివారు కూర్చునే చోట సరిగ్గా వాళ్ల నెత్తిమీదికొచ్చేలా గుబురుగా కట్టాను.

వియ్యంకుడు మల్లయ్య మామ జగిత్యాల వైపు మామిడితోటల ఆసామి, మహా కోపిష్టి. ఎదుర్కోళ్లప్పుడు కాళ్లకు పోసిన నీళ్లు వేడిగా ఉన్నాయని వెనక్కి తిరగబోయాడు. మళ్లీ అలిగితే పెళ్లి లేనట్టేనని బాపు పొద్దుటి నుంచి చాయ్ కూడా ముట్టలేదు.

మామ పందిట్లో కూర్చున్నాడు. మెడ గోక్కున్నాడు. వీపు గోక్కున్నాడు. ఉన్నట్టుండి ఒక్క గెంతు గెంతాడు.

"ఓరి నాయనో! ఏందిరా గిది?"

భుజాలెగరేస్తూ గిరగిరా తిరిగాడు. పెళ్లికొడుకు తండ్రి హుషారెక్కాడనుకొని డప్పులవాళ్లు దరువు పెంచారు. ఆయన బామ్మర్దులూ లేచారు. సగం మంది చీమలకు, సగం మంది దరువుకు.

బాపు నా చెవి మెలిపెట్టాడు. "పెండ్లి పాయె కదరా!"

మామ రొప్పుతూ ఒక మండ పీకి, ఆకు తిప్పి చూశాడు.

"ఎవడు కట్టిండు గిది?"

"నేనే మామా," అన్నాను.

"హిమాయత్ కదా! గివి మచ్చలు కావురా అల్లుడా, పొలుసు పురుగులు. రసం గుంజి జిగురు ఇడుస్తయి, గా జిగురుకు చీమలొస్తయి."

మెరిసేదంతా బంగారం కాదని పెద్దలన్నారు గానీ, మెరిసేదంతా చీమల భోజనమని ఏ పెద్దా చెప్పలేదు.

"మరి పక్కనున్న నాటు చెట్టుకు ఒక్కటి గూడ లేదు మామా," అన్నాను భయం భయంగా.

మామ ముఖం వెలిగిపోయింది. "మీ తాన గూడ గంతేనా? నా తోటల గూడ గదే పరేషాన్! అన్నిటికీ ఒకటే మందు కొడుత. తక్కిన జాతులు మంచిగుంటయి, హిమాయత్‌కే పురుగు పడుతది. గిది నా ఒక్కని కర్మనే అనుకున్న. బావా, తోడు దొరికినవ్ పో!"

అంటూ బాపును గట్టిగా కౌగిలించుకున్నాడు. పెళ్లి నిలిచింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ కౌగిలింతలో మామ అంగీలో మిగిలిన చీమలన్నీ బాపు అంగీలోకి మారాయి. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

అందుకే గోదారమ్మ సాక్షిగా ఒట్టేస్తున్నాను: వెనక్కి తిప్పి చూడనిదే ఇక ఏ ఆకూ ముట్టను. చివరికి విస్తరాకైనా సరే, తిప్పి చూశాకే అన్నం పెట్టించుకుంటాను.