అమ్మ కడుపులో గాలి, నాయన తెచ్చిన సోడా

అమ్మ పాట ఎత్తితేనే మా ఊళ్లో ఆదివారం ఆరాధన మొదలైనట్టు. మాది ఆలూరు పక్కన ఒక మెట్ట పల్లె. చర్చిని మేం గుడి అనే అంటాం. కుడివైపు చాపల మీద మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు. ముందు చాప మొదట్లో అమ్మ కూర్చునేది. మొదటి చరణం ఒక్కతే ఎత్తుకునేది, రెండోసారికి గుడంతా అందుకునేది. మైకు ఆమెకు ఎన్నడూ అవసరం పడలేదు. వారమంతా కలుపు తీసి, వేరుశనగ పీకి వంగిన మనిషి, పాట దగ్గరికొచ్చేసరికి నిటారుగా అయ్యేది.

నేను కర్నూలులో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో సెలవులకు ఊరొచ్చాను. ఆ ఆదివారం మౌన ప్రార్థన జరుగుతోంది. కళ్లు మూసుకొని అందరూ వంగి ఉన్నారు. అప్పుడు అమ్మ కడుపులోని గాలి చప్పుడు చేస్తూ బయటికొచ్చేసింది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవరో పెద్దామె పాపం కావాలని దగ్గింది. నేనేం చేశానో చెప్పుకోవాలి. ఆ చప్పుడు నాదని ఎవరన్నా అనుకుంటారేమోనని చాప మీద అమ్మ పక్క నుంచి ఒక జానెడు అవతలికి జరిగాను. అమ్మ కళ్లు తెరిచి చూసింది. ఆ జానెడు దూరం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాతి ఆదివారం అమ్మ వాకిలి పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంది. పాట ఎత్తలేదు. కీబోర్డు వాయించే అబ్బాయి ఏదో శ్రుతిలో మొదలుపెడితే అందరూ దాని వెనక ఈడ్చుకుంటూ పోయారు. ఇంటికొచ్చాక అడిగాను.

"పాట ఎత్తల్లంటే గుండెనిండా గాలి పీల్చల్ల మే. లోపలుండేదే శానా ఉండాది. ఏది యాడ్నుంచి బయటికొస్తాదో నాకేం తెల్సు?" అని నవ్వింది. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆదివారాలు తలనొప్పి అనో, మోకాళ్ల నొప్పి అనో గుడికి పోవడమే తగ్గించింది. అమ్మకు పాట పోతోంది. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

వైద్యానికేం, ఊరంతా చేసింది. ఒకామె వాము నమలమంది, ఇంకొకామె ఇంగువ నీళ్లంది. అలసందలు మానెయ్యమన్నవాళ్లున్నారు, గోంగూర మానెయ్యమన్నవాళ్లున్నారు. అన్నీ మానేస్తే ఆ మెట్ట పల్లెలో తినడానికి మిగిలేది మట్టే. నాయన వైద్యం మాత్రం ఒక్కటే, సోడా. పొద్దుగూకే వేళకు చేను నుంచి వచ్చి, మళ్లీ సైకిలెక్కి రోడ్డు మీది బస్‌స్టాపు దాకా పోయి, నిమ్మకాయ పిండించిన సోడా తడి తువ్వాలలో చుట్టి తెచ్చేవాడు. అమ్మ తాగేది. నాయన ఎదురుగా నిలబడి చూసేవాడు.

"తేన్పొచ్చెనా?"

"వచ్చెలేప్పా."

అంతే, ఆయన ముఖం వెలిగిపోయేది. సగం జబ్బు ఆ తేన్పుతో పోయిందన్నట్టు మీసం తుడుచుకునేవాడు.

చివరికి అమ్మను బతిమాలి, కోప్పడి, ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. బరువు తగ్గావా, రక్తం పడుతోందా, వాంతులున్నాయా అని అడిగింది. అవేవీ లేవు. ఉంటే వెంటనే రావాలి, లేవు కాబట్టి భయం లేదంది. కడుపు నొక్కి చూసి, "ఏం తింటావని అందరూ అడుగుతారు. నువ్వు ఎట్లా తింటావో చెప్పమ్మా" అంది.

"నోటితోనే తింటాండా మేడమ్" అంది అమ్మ.

డాక్టరమ్మ నవ్వి నావైపు తిరిగింది. ఇరవై ఏళ్లు అమ్మ చేతి రొట్టె తిన్నాను, అమ్మ తినడం మాత్రం చూడలేదు. అమ్మే మెల్లగా చెప్పింది. జొన్నరొట్టె పెనం మీది నుంచి నేరుగా కంచంలో పడాలి. చేసేవాళ్లు ఆఖరుకు గాని తినలేరు. ఆఖరు రొట్టె అయ్యేసరికి కూలికి పోయే ఆటో వచ్చి హారన్ కొడుతుంది. పొయ్యి దగ్గరే నిలబడి, ఊరిబిండి పచ్చడి అద్దుకొని, నాలుగైదు ముద్దల్లో మింగి, మధ్యమధ్య నీళ్లు గటగటా పోసుకొని పరుగెత్తుతుంది. చేలో మళ్లీ సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగదు. చెట్టూ పుట్టా లేని నల్లరేగడిలో ఆడది చాటుకు ఎక్కడికి పోతుంది?

"తిండితో పాటు గాలి కూడా మింగుతున్నావమ్మా. నీళ్లు తాగక మలబద్ధకం. లోపల పుట్టిన గాలి అక్కడే ఉండిపోతోంది" అంది డాక్టరమ్మ. అలసందలు మానక్కర్లేదు, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించమంది. పాల టీ రెండు వారాలు ఆపి తేడా చూడమంది. తిన్నాక కాస్త నడవమంది. సోడా సంగతి నేనే చెప్పాను. "సోడాలో ఉండేదే గాలి. తాగిందే తేన్పుగా వస్తోంది. అది మానెయ్" అంది. అమ్మ తల వంచుకుంది.

తిరుగు బస్సెక్కాం. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సోడా సంగతి మీ నాయనకు చెప్పాకు మే."

"ఎందుకు?"

"పెండ్లయిన కాడ్నుంచి, నేను అడక్కుండా ఆయప్ప నా కోసరమని తెచ్చింది అదొక్కటే."

చెప్పనని తలూపాను. నా నోరు నా మాట వినదు. ఆ సాయంత్రం తడి తువ్వాలతో ఆయన గడపలో కనపడగానే పేలిపోయాను. "ఆ సోడాతోనే అమ్మకు గాలి పట్టుకునేది. ముప్పై ఏండ్లుగా వేడి రొట్టెలు తింటాండావే, అమ్మ కూసోని తినింది ఒక్కనాడన్నా చూసినావా నాయనా?" నేనే చూడలేదు, ఆయన్ను దులిపాను.

"డాక్టరమ్మ చెప్పినాదా?" అన్నాడు.

"చెప్పింది."

సోడా సీసా గూట్లో పెట్టి బయటికి పోయాడు. అమ్మ తడి తువ్వాల తీసి దండెం మీద ఆరేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాయనకు చల్లారిన రొట్టె అంటే పడదు. ఒకసారి అమ్మ పక్కింట్లో మాట్లాడి ఆలస్యంగా వడ్డిస్తే, కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషి. మర్నాడు పొద్దున అమ్మ మొదటి రొట్టె తెచ్చి వేసింది. ఆయన ముట్టలేదు.

"తినప్పా, సల్లారిపోతాది."

"అన్నీ కాల్చు. నువ్వొచ్చి కూసుంటేనే నేను తినేది."

"నాకు ఆటో వస్తాది."

"నిలబడతాది. నిలబడకుంటే పోనీ, నేను సైకిల్ మీద దింపుతా."

అమ్మ గొణుగుతూనే ఆరు రొట్టెలూ కాల్చింది. ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు నిలబడి, తర్వాత కూర్చుంది. ఇద్దరి ముందూ చల్లారిన రొట్టెలు. నాయనకు రెండు దవడ పళ్లు లేవు. చల్లారిన రొట్టె ఆయనకు నిజంగానే కష్టం. ఒక్కో ముక్క అంతసేపు నమిలాడు. అలవాటు కొద్దీ అమ్మ మింగబోతే, "యాల మింగుతావు? నాదింగా ఒక రొట్టె కూడా అయిపోల్యా" అన్నాడు. ఎవరి బోరులో నీళ్లు పడ్డాయో, ఎవరి ఎద్దు ఎవరి చేను మేసిందో చెప్పుకొచ్చాడు. వింటూ తినేవాళ్లు త్వరగా మింగలేరు. ఆరోజు అమ్మ తినడం నేను మొదటిసారి చూశాను. అమ్మకు ఎడమవైపు నమలడం అలవాటని అప్పుడే తెలిసింది.

ఆటో రెండు హారన్లు కొట్టి ఆగింది. రోజూ ఆగింది. అమ్మ చేలోకి సీసాతో నీళ్లు తీసుకుపోవడం, మధ్యాహ్నం ఆడవాళ్లంతా కలిసి చాటు కోసం వంక దాకా నడిచి రావడం మొదలైంది. గాలి పూర్తిగా పోలేదు. ఎవరికీ పూర్తిగా పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ పొట్ట మెత్తబడింది, అమ్మ మళ్లీ గుడికి రాసాగింది. వాకిలి దగ్గరే కూర్చునేది.

ఒక ఆదివారం కరెంటు పోయి కీబోర్డు ఆగిపోయింది. పాస్టరు అయ్యగారు ఆడవాళ్లవైపు చూశారు. ఎవరూ ఎత్తుకోలేదు. నా పక్కన అమ్మ గాలి పీల్చుకోవడం వినపడింది. నేను జానెడు దగ్గరికి జరిగాను. చెప్పుల పక్కన నుంచి పాట లేచింది. అందరూ వెనక్కి తిరిగారు, నాయన మాత్రం తిరగలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నాయన పోయి రెండేళ్లయింది. మొన్న అమ్మ నెలరోజులుండటానికి కర్నూలులో మా ఇంటికొచ్చింది. బడిలో నాలుగో పీరియడు దాటితే నా పొట్ట ఉబ్బి చీర కుచ్చిళ్లు బిగుసుకుంటాయి. బ్యాగులో గ్యాసుకు వేసుకునే పొడి పాకెట్లు పెట్టుకుంటాను. నీళ్లలో వేసుకొని తాగుతుంటే అమ్మ చూసింది. "ఇదీ బుసబుసా పొంగుతాండాదే" అంది.

ఆ ఆదివారం రొట్టెలు చేశాను. మా ఆయనకు, పిల్లలకు వేడివేడిగా వేసి పంపించాను. అమ్మ కంచంలో ఒకటి వేసి, పొయ్యి దగ్గర నిలబడి నాది ఒక ముక్క నోట్లో కుక్కుకున్నాను. అమ్మ తినడం లేదు.

"తినమ్మా, సల్లారిపోతాది."

"అన్నీ కాల్చు. నువ్వొచ్చి కూసుంటేనే నేను తినేది."

ఆ మాట ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. నాయనను దులిపిన ఆ సాయంత్రానికి ఆయనకు నేను క్షమాపణ చెప్పనేలేదు. చెప్పి ఉంటే దేనికమ్మా అనేవాడు. మిగిలిన రొట్టెలు కాల్చి, పొయ్యి ఆపి, అమ్మ పక్కన కూర్చున్నాను. చల్లారిన రొట్టె నమలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అమ్మ నాయన సంగతులు చెప్తూనే ఉంది.