కూర్మారావు గారి మేడ ముందు బాలబంద తీగ

నా రిటైర్‌మెంటుకు మూడేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను ఉద్యాన అధికారిగా టెక్కలి వేశారు. కొత్తగా ఇళ్ళు కట్టుకునేవాళ్ళ చేత ఇంటి ముందు ఈ నేలకు అలవాటైన మొక్కలే నాటించడం నా పని. ముందు యజమాని చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకోవాలి. ఆర్నెల్ల తరువాత వెళ్ళి ఎన్ని బతికాయో చూడాలి. దాన్ని మేం సర్వైవల్ అనేవాళ్ళం. నాకు సర్వైవల్ దాకా ఎక్కడ! మొదటి నెలంతా ఒక్క సంతకం పడితే ఒట్టు.

కూర్మారావు గారికి కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ. నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళు దాటాక, సముద్రపు గాలి నేరుగా తగిలేచోట మేడ కట్టారు. వైశాఖంలో గృహప్రవేశం. కొత్తగా సంబంధం కలుపుకున్న జలంత్రకోట వియ్యాలవారు ఆ రోజే మొదటిసారి గడప తొక్కబోతున్నారు. వాళ్ళ ముందు పరువు నిలబడాలన్నదే ఆయన బెంగంతా. నేను చార్టు విప్పి పొన్న, మొగలి, బాలబంద తీగ అంటూ మొదలుపెట్టాను. బాలబంద అంటే ఇక్కడి ఇసకదిబ్బల మీద ఊదారంగు పూలతో పాకే తీగ.

"సముద్రం ఒడ్డున మేకలు కూడా ముట్టని తీగని నా మేడ ముందు ఏత్తారేటండి? వియ్యంకులు నవ్వరేటి?" అంటూ ఆయన చార్టు చుట్టి నా చేతిలో పెట్టారు. లారీలో లాన్ తెప్పించి పరిపించారు.

మూడు వారాల్లో ఉప్పుగాలికి లాన్ మాడిపోయింది. ఇసక ఎగిరి హాల్లో పడుతోంది. "ఆఫీసరు గారూ, పరువు పోయేలాగుంది. ఏదో ఒకటి సెయ్యండి బాబూ" అని ఫోను.

ముహూర్తానికి రెండు నెలలు కూడా లేవు. పొన్న ఎదగాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని సంతకం సంగతి తరువాత చూసుకుందామని ఒడ్డుకు పోయి కణుపులున్న తీగముక్కలు కోయించి, మూరకొకటి చొప్పున ఇసకలో పూడ్పించి, వేరు పట్టేదాకా రోజూ నీళ్ళు పోయించాను. ప్రహరీ వెంట పొన్న మొక్కలు పెట్టించాను. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. వియ్యాలవారు నవ్వారంటే ఆ చుట్టుపక్కల నాకిక సంతకం పుట్టదు.

గృహప్రవేశం నాటికి తీగ పరుచుకుని పూసింది. వియ్యపురాలు గారు కొబ్బరితోటల మనిషి. కారు దిగి మేడ వంక చూడనే లేదు. వంగి తీగ పట్టుకుని, "అన్నియ్యా, ఇది ఏయించినోలు ఎవలో గానీ బుర్రున్నోలు! మా తోట గట్టుకి ఇదే కాపలా. ఇదుంటే ఇసక లోపలికి రాదు" అన్నారు.

పక్కనే పులిహోర తింటున్న నేను చొక్కా సర్దుకున్నాను.

"నేనే సెల్లెమ్మా!" అన్నారు కూర్మారావు గారు. "ఈ ఆఫీసరు గారు వద్దన్నారు. నేనే ఇన్నేదు."

ఒళ్ళు మండిపోయింది. నోటినిండా పులిహోర ఉండబట్టి ఊరుకున్నాను గానీ! అయితే ఆ వారంలోనే ఆయన తన సంతకం పెట్టడమే కాక, ఇరుగుపొరుగుల చేత కూడా దగ్గరుండి పెట్టించారు.

తన ఆలోచనే అనుకున్న మొక్కకే యజమాని నీళ్ళు పోస్తాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ తరువాత చార్టు తీసుకెళ్ళడం మానేశాను. ఎవరింటికి వెళ్ళినా, "పొన్న మంచిదే గానీ, మీ ఇంటికి నప్పదేమోనండి" అనేవాణ్ణి.

"ఎందుకు నప్పదూ?" అంటూ వాళ్ళే పెన్ను అడిగేవారు.