ఎవరికో అల్లిన స్వెట్టరు

నిన్న గిలకలదిండి రేవులో చేప బేరమాడుతూ ఐసులో చెయ్యి పెట్టాను. వేళ్ళు జివ్వుమన్నాయి. ఆ నీచు వాసనకి ఎవరికైనా కూర గుర్తొస్తుంది, నాకు మాత్రం సుగుణమ్మ టీచరు గుర్తొచ్చారు. ఆవిడ బందరులో మా బళ్ళో కుట్టుపని నేర్పేవారు.

చైనాతో యుద్ధం జరుగుతున్న రోజులవి. ఆడపిల్లలందరూ జవాన్లకి స్వెట్టర్లు అల్లాలన్నారు. బందరు ఉక్కలో పెరిగినవాళ్ళం, మాకు స్వెట్టరంటే ఏమిటో తెలిస్తేగా. టీచరు ముందు తన చిన్నప్పటి రెండో ప్రపంచ యుద్ధం సంగతులు చెప్పారు. దీపాలకి నల్లకాగితం చుట్టడం, కిరసనాయిలు కోసం వరసలో నిలబడడం, చర్చి వరండాలో ఆడవాళ్ళు చేరి మేజోళ్ళు అల్లడం. మర్నాడు ఊకలో పెట్టిన చేపల ఐసుగడ్డ తెప్పించి, మా చేత కాసేపు పట్టించి, ఆ వేళ్ళతోనే గౌను గుండీలు పెట్టుకోమన్నారు. ఎవరివల్లా కాలేదు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మా అన్నయ్య జవానుగా యుద్ధం జరిగే ఆ మంచుకొండల్లోనే ఉన్నాడు.

అన్నయ్య కోసమే అల్లడం మొదలుపెట్టాను. మాది పెడన నేతవాళ్ళ కుటుంబం, దారం గురించి నాకొకరు చెప్పాలా అని గీర. తొందరలో వదులుగా అల్లానని, గాలి దూరుతుందని టీచరు రెండుసార్లు విప్పించారు. తీరా పూర్తయ్యాక, అన్నయ్య పేరున పంపడం కుదరదని, అన్నీ ఒకే మూటలో వెళ్తాయని చెప్పారు. నేను ఇవ్వనని స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కోప్పడకుండా నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"మీ అన్నయ్యకి ఏ ఊళ్ళో ఏ పిల్ల అల్లుతోందో మనకి తెలుసా? ఆ పిల్ల కూడా ఇవ్వనంటే ఎలాగమ్మా?"

ఇచ్చేశాను.

ఎండాకాలంలో అన్నయ్య సెలవు మీద వచ్చాడు. పెట్టెలో గోధుమరంగు స్వెట్టరు, ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. ఎవరు అల్లారో తెలియదన్నాడు. చలికాలమంతా ఒంటి మీద నుంచి తియ్యలేదట. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. నేను బడికి పట్టుకెళ్ళి టీచరుకి చూపించాను. ఆవిడ తిరగేసి, బోర్లేసి చూసి, ఒక వదులు వరస మీద వేలు పెట్టారు.

"ఈ పిల్లకీ నీలాగే తొందర," అని నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆవిడకి నేనెంత రుణపడి ఉన్నానో అప్పుడు చెప్పడం రాలేదు. ఇప్పటికీ ఏటా ఒక స్వెట్టరు అల్లుతాను. ఎవరికని మా ఇంట్లో అడగడం మానేశారు.