చప్పుడు లేని ఫిల్టరు

పోయిన నెల కర్నూలులో ఒక స్నేహితురాలి కొత్త ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే ఉప్పునీటి వాసన ముక్కుకు తగిలింది. హాల్లో గాజుతొట్టె, అందులో తెల్లచారల నారింజరంగు చేపలు రెండు. అందరూ దాని చుట్టూ చేరారు. నేను మాత్రం ఫోను వచ్చిందని చెప్పి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా ఆ వాసన నన్ను నేరుగా సువార్తమ్మ మేడం ముందుగదిలోకి తీసుకుపోతుంది.

ప్రొద్దుటూరులో మా కాలేజీలో ఆమె జువాలజీ లెక్చరరు. నేను ఆమె కింద ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఆమె తాత మిషన్ బడిలో పంతులు, తండ్రీ పంతులే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మద్రాసు నుంచి ఉప్పు పొట్లాలు తెప్పించి, నీళ్ళలో కలిపి, సముద్రపు చేపల్ని ఇంట్లో సాకేది. మొదటిరోజు నేను ఆ రంగులు చూస్తూ నిలబడిపోతే నవ్వింది. "చేపల్ని చూసి మురిసిపోతాండావు గానీ, వాటిని బతికించేది కంటికి కనపడని పురుగులు మే. చేపల మురికిలో విషముంటాది. దాన్ని ఆ పురుగులు తినేస్తాయి. ఫిల్టరంటే ఆ పురుగులకు ఇల్లు, అంతే." చదువు అంటే ఏమిటో నాకు ఆ గదిలోనే తెలిసింది.

నాగేశ్వరమ్మ ఒకప్పుడు మేడం దగ్గర చదువుకున్న అమ్మాయి. వేముల దగ్గర ఒక పల్లెలో పేరున్న ఇంటికి కోడలిగా వెళ్ళింది. ఆ ఇంటికీ ఎదుటి పార్టీ వాళ్ళకూ పాత కక్షలు. ఆమె మరిదిని వాళ్ళు చంపిన తర్వాత భర్త ప్రహరీగోడ రెండింతలు ఎత్తు లేపించాడు. మూడేళ్ళుగా ఆమె గేటు దాటలేదు. ఒకరోజు మాకోసం జీపు పంపించింది. మేం పోయేసరికి మేడం చేతులు పట్టుకుంది.

"పొద్దస్తమానం గోడే చూస్తాండా మేడం. మీ ఇంట్లో మాదిరి చేపల తొట్టె ఈడ పెడతారా? కదిలేది ఏదన్నా ఒకటి చూడాలనుంది."

మేడం ఆ హాలంతా కొలిచి, తొట్టె కింద ఇంకో తొట్టె పెడదామంది. పైనీళ్ళు గొట్టంలోంచి కిందికి పడి, రాళ్ళ మధ్య పారి, మళ్ళీ పైకి ఎక్కుతాయి. నాగేశ్వరమ్మే చూసుకోవచ్చు, తాను ఎప్పుడో ఒకసారి వస్తే చాలు. అప్పుడే ఆమె భర్త లోపలికి వచ్చాడు. కూర్చోకుండానే అడిగాడు.

"చప్పుడొస్తాదా?"

"నీళ్ళు పడే చప్పుడు వస్తాదప్పా."

"అయితే వద్దు. బయట బండి ఆగితే ఈడికి వినపడాల."

నాగేశ్వరమ్మ తల దించుకుంది. నేను ఊరుకోలేకపోయాను. "మూత బిగించే డబ్బా ఫిల్టరు ఉంది కదా మేడం. దానికి చప్పుడే ఉండదు."

మేడం నా వైపు చూసింది. "దాన్ని పదైదు దినాలకొకసారి విప్పి కడగాల. తెలియనోళ్ళు కడిగితే పురుగులు చచ్చి చేపలు పోతాయి. ఎవురొస్తారు?"

"మనమే వస్తాం మేడం" అన్నాను. చిక్కుముడి విప్పానని ఎంత గర్వపడ్డానో.

అప్పటినుంచి శనివారం విడిచి శనివారం ఆ ఇంటి జీపు వచ్చేది. మేం డబ్బా విప్పి కడుగుతుంటే నాగేశ్వరమ్మ ముక్కాలి పీట మీద కూర్చుని, వేళ్ళ చివర పెట్టిన మేతను చేపలు లాక్కుంటుంటే చిన్నపిల్లలా నవ్వేది. ఇంతలో ఎలక్షన్లు వచ్చాయి. "మిమ్మల్ని ఆ పార్టీ మనిషనుకుంటారు, పోవద్దండి" అని ప్రిన్సిపాల్ హెచ్చరించాడు. "పోకుంటే ఆ బిడ్డ మళ్ళీ గోడ చూస్తా కూర్చోవాల సార్" అంది మేడం. ఆ శనివారం నాకు పరీక్షల డ్యూటీ పడింది. ఆమె ఒక్కతే వెళ్ళింది. వేముల దాటాక కల్వర్టు దగ్గర, జీపులో నాగేశ్వరమ్మ భర్త ఉన్నాడనుకుని బాంబులు వేశారు. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. మేడంకి రెండు కళ్ళూ పోయాయి.

ఆ వారమే నాగేశ్వరమ్మ వాళ్ళు ఊరు విడిచిపోయారు. ఎక్కడికి వెళ్ళారో ఎవరూ చెప్పలేదు. మేడం కడప ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఇంటి తాళాలు నా దగ్గరే ఉన్నాయి. నేను కడపకు పోయి రెండు రోజులు ఆమె పక్కనే ఉండిపోయినప్పుడు, ప్రొద్దుటూరులో కరెంటు పోయి మోటారు ఆగిపోయింది. తిరిగొచ్చి తలుపు తీస్తే కుళ్ళు వాసన. ఒక్క చేపా మిగల్లేదు. తొట్టె కడిగి, ఉత్తనీళ్ళు నింపి, ఆమె వచ్చేసరికి చప్పుడు వినపడాలని మోటారు వేశాను.

ఇంటికి వచ్చిన రోజు ఆమె మొదట అడిగింది అదే. "చేపలు ఎట్లుండాయి మే?"

"బాగుండాయి మేడం."

అక్కడినుంచి రోజూ అబద్ధమే. పెద్దది చిన్నదాన్ని తరుముతోందని, నీలంది రాయిచాటున దాక్కుందని కట్టుకథలు చెప్పేదాన్ని. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని వినేది. ఆరు నెలలు అలాగే గడిచాయి. ఒక ఉదయం నేను ఫిల్టరు స్పాంజి కడుగుతున్నట్టు బకెట్లో నీళ్ళు కదిలిస్తుంటే చేయి చాపింది. "ఇట్లియ్యి." వేళ్ళతో నొక్కి చూసింది.

"నేనొచ్చిన మొదటి వారమే దీన్ని తడిమినా పద్మా. మురికే లేదు. చేపలుంటే మురికుండదా?"

నాకు ఏడుపు ఆగలేదు. "మరి ఎందుకు అడగలేదు మేడం?"

"నువ్వు పొద్దున్నే వచ్చి వాటి ముచ్చట్లు చెప్తాంటివి. అవి కూడా లేకుంటే నాకేముండాది?" స్పాంజి నా చేతికి తిరిగిచ్చి, "మోటారు ఆపెయ్. ఇంక చాలు" అంది.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్ళు బతికింది. బతికిందంటే, శ్వాస ఆడింది. ఆ ఫిల్టరు చెప్పింది నేనే కదా మేడం అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "అన్నం తిన్యావా?" అని మాట తప్పించింది. నన్ను తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని, కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆమె తిట్టలేదు.

ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని నేనే పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఏ కోర్సు తీసుకోవాలనో, ఏ ఊళ్ళో చేరాలనో సలహా అడిగితే నాకు వెంటనే మాట పెగలదు. తెలియక కాదు. నా మాట పట్టుకుని ఈ బిడ్డ ఏ దారిన పోవాల్సి వస్తుందోనని భయం. వాళ్ళు కాసేపు చూసి, నమస్కారం పెట్టి, ఇంకొకరిని అడగడానికి వెళ్ళిపోతారు.