కినుయె దించిన దిమ్మ

జపాన్‌లోని యైజు రేవులో కాంక్రీటు దిమ్మలు పోసే షెడ్డుకి కినుయె అంటే హడల్. చేపలు చేరడానికని ఒడ్డు దగ్గర సముద్రంలో వేసే దిమ్మలవి. పోసిన దిమ్మ పైన చిన్న గాలిబుడగ కనిపించినా ఆమె ఊరుకునేది కాదు. "చేపలు కాపురముండే ఇల్లయ్యా ఇది, కోళ్లగూడు కాదు!" అని తాపీతో పోసినవాడి వేళ్ల మీద ఒక్కటిచ్చేది.

కొడుకు షుకిచి ఎక్కిన పడవ అఖాతం మధ్యలో మునిగాకే ఈ చాదస్తం పట్టుకుందని తోటివాళ్లు గొణుక్కునేవారు. శవం దొరకలేదు. బౌద్ధ గుడి ఆవరణలో సమాధిరాయి కింద వాడి చొక్కా ఒకటే ఉంది. చొక్కాకి దండం పెట్టడం ఏ తల్లికి మాత్రం చేతనవుతుంది?

ఆ మునిగిన చోటే, వెలుగు చొరని లోతుకి, పరిశోధన సంస్థవాళ్లు చిన్న దిమ్మలు దించుతామన్నారు. అంత లోతులో కాంక్రీటు ఎన్నాళ్లుంటుందో చూడాలట. అవి పోసింది కినుయే. మేస్త్రీ నెగిషిని బతిమాలి తనదొకటి కలిపింది. పచ్చి సిమెంటు మీద వేలితో కొడుకు పేరు రాసింది.

"వాళ్లవి మళ్లీ పైకి తెస్తారు. నీది తేరు, తెలుసుగా?" అన్నాడు నెగిషి.

"తేవొద్దు. వాడి దగ్గరే ఉండనీండి."

అప్పట్నుంచి మనిషి తెరిపిన పడింది. బోన్ పండక్కి పోయినవాళ్ల కోసం దీపాలు వదలడానికి వెళ్లడం కూడా మానేసింది. "మావాడికి రాయి ఉందిగా" అనేది.

కొన్నేళ్లకు పరీక్ష దిమ్మలు పైకొచ్చాయి. కినుయె ఒకదాన్ని అలవాటుగా బొటనవేలితో రుద్దింది. తడిసిన సున్నంలా పొర ఊడి వచ్చింది.

"నేను సరిగ్గా కలపలేదా?"

"మీ తప్పు కాదమ్మా," అన్నాడు సంస్థ నుంచి వచ్చిన ఉచిబొరి. "ఒడ్డు దగ్గరైతే వందేళ్లుంటుంది. ఆ లోతులో నీళ్లు సిమెంటులోని సున్నాన్ని లాగేస్తున్నాయి. ముందు పైపొర పోతుంది, తర్వాత లోపలికి తింటూ పోతుంది."

వేలితో రాసిన అక్షరాలకి లోతెంతని! నెగిషి తల దించుకున్నాడు.

"నీళ్ల మీద రాతే అయిందన్నమాట," అంది కినుయె. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

మర్నాడు కొత్త దిమ్మ పోశారు. ఉండబట్టలేక నెగిషే దాని మీద షుకిచి పేరు రాసి ఆమెను పిలిచాడు.

"ఇది ఒడ్డు దగ్గర వేసేదక్కా. చెక్కుచెదరదు."

కినుయె ఆ పేరు చదువుకుంది.

"అక్కడ మావాడు లేడు కదండీ," అంది.

తాపీ తీసుకుని, బుడగ లేకుండా, ఆ పేరు మీద నునుపుగా లాగింది.